పికప్ ట్రక్కులో ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవడం: అపోహలు - వాస్తవాలు

ఇంజిన్ ఆయిల్ సొంతంగా మార్చుకునే వాళ్లలో చాలామంది ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ జోలికి వెళ్లరు. ఆ భయానికి కారణం ఉంది. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ ముఖ్యంగా పళ్లచక్రాలు అరగకుండా చూస్తుంది. ఆటోమేటిక్‌లో మాత్రం ఇంజిన్ శక్తిని టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో ఆయిల్ ద్వారా కలిపే భాగం) గుండా దాటించేది ఆ ఆయిలే. క్లచ్ ప్లేట్లను నొక్కిపట్టేది దాని ప్రెషరే. పుట్టిన వేడిని కూలర్ దాకా మోసుకెళ్లేదీ అదే. ఆయిల్ రకం తప్పినా, లెవెల్ తప్పినా దెబ్బ వెంటనే తెలుస్తుంది. అలాగని ఇది పెద్ద మెకానిక్కే చేయాల్సిన పనేమీ కాదు. కొలత, ఉష్ణోగ్రత, శుభ్రత ఈ మూడింటి మీద ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లో చక్కగా చేసుకోవచ్చు. అందుకు ముందు కొన్ని మాటలు మనసులోంచి తీసేయాలి.

అపోహ: "ఇది జీవితకాలం వచ్చే ఆయిల్, మార్చే పనే లేదు"

యజమానుల పుస్తకంలో మామూలు వాడకానికి మార్పు గడువు రాసి లేకపోవడంతో పుట్టిన మాట ఇది. అదే పుస్తకంలో కఠినమైన వాడకానికి వేరే పట్టిక ఉంటుంది, దాన్ని చదవండి. ట్రైలర్ లాగడం, నిండు లోడు, ఘాట్ రోడ్లు, దుమ్ము, అడుగడుగునా ఆగుతూ సాగే ట్రాఫిక్ అన్నీ అందులోకే వస్తాయి. పికప్ కొనేదే బరువు మోయడానికి కాబట్టి చాలా బళ్లకు ఆ రెండో పట్టికే వర్తిస్తుంది. ఆయిల్‌ను చంపేది కిలోమీటర్ల కంటే వేడే. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. రామ్ 1500, అమరాక్ లాంటి పికప్‌లలో వచ్చే 8 గేర్ల ట్రాన్స్‌మిషన్‌ను రూపొందించిన జడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. తరచూ ట్రైలర్ లాగే బండికైతే 50,000 దగ్గరే మార్చడం తెలివైన పని.

అపోహ: "పాత ట్రాన్స్‌మిషన్‌లో కొత్త ఆయిల్ పోస్తే చెడిపోతుంది"

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన మాట ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, ఏళ్ల తరబడి ఆయిల్ వంక చూడని బండిలో ఒకరోజు క్లచ్ జారడం మొదలవుతుంది. అప్పుడు కంగారుగా ఆయిల్ మారుస్తారు. క్లచ్ ప్లేట్ల మీది పొర అప్పటికే అరిగిపోయి ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు అది ఎలాగూ ఆగిపోతుంది. నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది.

అందుకే ఆయిల్ దించకముందే బండిని నడిపి చూడండి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి. డీ లోనో ఆర్ లోనో వేశాక బండి అందుకోవడానికి రెండు మూడు సెకన్లు పట్టినా, గేరు మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా రొద పెట్టి ఆర్‌పీఎం ఎగబాకినా, ఆయిల్ మాడిన వాసన కొట్టినా లోపల క్లచ్ దెబ్బతిన్నట్టే అనుమానించాలి. లెవెల్ తక్కువగా ఉన్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, కాబట్టి ముందు లెవెల్ చూడండి. అది సరిగానే ఉంటే ఆయిల్ మార్పు వైద్యం కాదు, ఆ డబ్బు రిపేరుకు దాచుకోండి. గేర్లు శుభ్రంగా పడుతున్న బండికి మాత్రం, ఎన్నేళ్లుగా నిర్లక్ష్యం చేసినా సరే, పాన్ (అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) దించి ఫిల్టర్‌తో పాటు ఆయిల్ మార్చడం మేలే చేస్తుంది.

పాన్ దించాక అసలు రిపోర్టు అందులోనే ఉంటుంది. అడుగున ఉన్న అయస్కాంతం మీద ముద్దలా పట్టిన బూడిదరంగు మెత్తటి పొడి మామూలు అరుగుదలే, భయపడొద్దు. వేలికి గుచ్చుకునే ఉక్కు పెచ్చులు, ఇత్తడి రంగు తళుకులు, నల్లటి క్లచ్ పొర ముక్కలు కనిపిస్తే లోపల ఏదో అరిగిపోతోందని అర్థం. ఆయిల్ గులాబీ రంగు మిల్క్‌షేక్‌లా చిక్కగా ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిల్లు పడి కూలెంట్ కలిసింది. ఇంజిన్ స్టార్ట్ చేయకండి. కూలెంట్‌లోని నీరు, గ్లైకాల్ క్లచ్ పొరను అతికించిన జిగురును ఊడగొడతాయి, ఒక్క ఆయిల్ మార్పుతో అది తీరదు.

అపోహ: "రంగు చూస్తే ఆయిల్ సంగతి తెలిసిపోతుంది"

ఎరుపు అనేది కేవలం లీకు ఎక్కడిదో గుర్తుపట్టడానికి కలిపిన డై. క్రైస్లర్ వాడే ఏటీఎఫ్+4 (ఏటీఎఫ్ అంటే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్) కొద్ది వేల కిలోమీటర్లకే గోధుమ రంగుకు తిరగొచ్చు, అయినా బాగానే పనిచేస్తుంది. జడ్‌ఎఫ్ 8 గేర్ల ఆయిల్ అసలు ఆకుపచ్చగా ఉంటుంది.

అపోహ: "ఎర్రగా ఉంటే ఏ ఏటీఎఫ్ అయినా ఒకటే, లేదంటే అన్నిటికీ పనికొచ్చేది ఒకటి పోస్తే సరి"

క్లచ్ ప్లేట్లు ఎంత జారాలి, ఎప్పుడు పట్టుకోవాలి అన్నది ఆయిల్‌లోని రసాయనాల మీద ఆధారపడి ఉంటుంది. పంపు, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో మళ్లించే భాగం) ఒక నిర్ణీత చిక్కదనానికి తగ్గట్టు చేసినవి. 100 డిగ్రీల దగ్గర జనరల్ మోటార్స్ పాత ఆయిల్ రకం డెక్స్‌రాన్ 3 చిక్కదనం సుమారు 7.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం). 2005లో వచ్చిన డెక్స్‌రాన్ 6 గరిష్ఠ హద్దు 6.4. ఫోర్డ్ ఎఫ్-150లో 2017 మోడల్ నుంచి వస్తున్న 10 గేర్ల ట్రాన్స్‌మిషన్‌కు కావాల్సిన ఫోర్డ్ ఆయిల్ రకం మెర్కాన్ యూఎల్‌వీ ఇంకా పల్చన. డెక్స్‌రాన్ 3 అడిగే జనరల్ మోటార్స్ బండిలో డెక్స్‌రాన్ 6 పోయొచ్చు, తిరగేసి మాత్రం కుదరదు. మెర్కాన్ ఎల్‌వీ, యూఎల్‌వీ పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదానికి బదులు ఇంకొకటి పోయకూడదు. రామ్ బళ్లలోనూ ఇదే చిక్కు: 6 గేర్ల 68ఆర్‌ఎఫ్‌ఈకి ఏటీఎఫ్+4, 8 గేర్ల దానికి జడ్‌ఎఫ్ రకం. కంపెనీ పేరు చూసి డబ్బా కొంటే ఇక్కడే దొరికిపోతారు. ట్రాన్స్‌మిషన్ మోడల్ ఏదో తెలుసుకుని, పుస్తకంలో రాసిన స్పెసిఫికేషన్ డబ్బా మీద అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో చూడండి.

ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ట్రాన్స్‌ఫర్ కేసుకు, ముందు వెనక డిఫరెన్షియల్స్‌కు వేరే ఆయిల్, వేరే ప్లగ్‌లు ఉంటాయి. కింద పడుకుని చూసినప్పుడు అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఏ ప్లగ్ దేనిదో సుద్దతో గుర్తు పెట్టుకోండి.

అపోహ: "డ్రెయిన్ ప్లగ్ విప్పితే ఆయిల్ అంతా వచ్చేస్తుంది"

పాన్‌లో ఉన్నదే వస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో, క్లచ్ గదుల్లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. మొత్తం 12 లీటర్లు పట్టే ట్రాన్స్‌మిషన్ నుంచి 5 లీటర్లు దిగాయనుకోండి. మళ్లీ నింపాక లోపల కొత్తది 42 శాతం. కొన్ని రోజులు నడిపి రెండోసారి దించి నింపితే 66 శాతం, మూడోసారికి 80 శాతం. ఫిల్టర్ మొదటిసారి మారిస్తే చాలు. నిర్లక్ష్యానికి గురైన బండికి ఇలా విడతలుగా మార్చడమే మంచి పద్ధతి. ఈ4ఓడీ లాంటి కొన్ని పాత ఫోర్డ్ ట్రాన్స్‌మిషన్లలో కన్వర్టర్‌కే డ్రెయిన్ ప్లగ్ ఉండేది, ఇప్పటి వాటిలో ఆ సౌకర్యం దాదాపు కనిపించదు.

మెషీన్‌తో ఫ్లష్ చేస్తేనే పూర్తి పని అనేవాళ్లూ ఉన్నారు. ఫిల్టర్ మార్చకుండా, పాన్ విప్పి చూడకుండా చేసే ఫ్లష్ సగం పనే. ఇంట్లో అదే ఫలితం కావాలంటే పాన్, ఫిల్టర్ అయ్యాక కూలర్ నుంచి ట్రాన్స్‌మిషన్‌కు తిరిగొచ్చే పైపు విప్పి, కొలతల గీతలున్న డబ్బాలోకి పెట్టి, ఇంజిన్ ఆన్ చేయించి 2 లీటర్లు రాగానే ఆపించి, అంతే కొత్తది పోస్తూ పోవాలి. ఇద్దరు తప్పనిసరి. పంపు ఖాళీగా తిరిగితే కొద్దిసేపట్లోనే దెబ్బతింటుంది. థర్మల్ బైపాస్ వాల్వ్ ఉన్న బండిలో ఆయిల్ వేడెక్కేదాకా కూలర్ పైపులోంచి సరిగా రాదు. రావట్లేదని ఇంజిన్‌ను అలాగే నడపకండి.

అపోహ: "ముందు కింది ప్లగ్ విప్పి ఆయిల్ దించేయాలి"

ముందు విప్పాల్సింది పోసే ప్లగ్. డిప్‌స్టిక్ లేని ట్రాన్స్‌మిషన్లలో అది పక్కనో, పైననో, కొన్నింటిలో ఎగ్జాస్ట్ పైపుకు ఆనుకునో ఉంటుంది. తుప్పుపట్టి కదలకపోతే, తల అరిగిపోతే, అప్పటికే ఆయిల్ దించేసి ఉంటే బండి ఉన్నచోటి నుంచి కదలదు. అది వదులైందని తేల్చుకున్నాకే కింది సంగతి.

బండిని జాకీ మీద వదిలేసి కిందికి దూరకండి. నాలుగు మూలలా జాకీ స్టాండ్లు, బండి మట్టంగా ఉండాలి. ఆయిల్ గోరువెచ్చగా, 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు దించండి. దూరం నడిపొచ్చిన బండిలో 90 దాటి ఉంటుంది, చేతులు కాలతాయి. పాన్‌కు డ్రెయిన్ ప్లగ్ లేకపోతే వెనక వరుస బోల్టులు తీసేసి, పక్కవి వదులు చేసి, ముందు రెండింటిని పట్టుగా ఉంచి పాన్‌ను ఒక వైపుకు వంచండి. దించిన ఆయిల్ ప్రతి చుక్కా కొలవండి, తర్వాత ఈ అంకె కావాలి.

ఫిల్టర్ లాగాక దాని రబ్బరు సీలు చాలాసార్లు పైన రంధ్రంలోనే ఉండిపోతుంది. అది చూడకుండా కొత్త సీలుతో కొత్త ఫిల్టర్ నొక్కితే సరిగ్గా కూర్చోదు, పంపు గాలి పీలుస్తుంది, ఈల లాంటి శబ్దంతో పాటు ప్రెషర్ పడిపోతుంది. పాత సీలును స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీస్తే అల్యూమినియం గీసుకుపోయి మళ్లీ అదే గాలి లీకు. సీలు పుల్లర్‌తో నెమ్మదిగా తీయండి. ఆలిసన్ 1000 అనే ట్రాన్స్‌మిషన్‌లో బయట మర లాగా తిప్పి బిగించే ఫిల్టర్ ఉంటుంది. అందులో పాత ఫిల్టర్ మీది గుండ్రటి అయస్కాంతాన్ని తుడిచి కొత్తదానికి మార్చడం మరవకండి.

అపోహ: "పాన్ బోల్టులు ఎంత బిగిస్తే అంత మంచిది, పైగా సిలికాన్ పూస్తే లీకే ఉండదు"

చాలా పాన్ బోల్టుల బిగింపు 8 నుంచి 12 న్యూటన్ మీటర్ల మధ్యే. చేతి బలంతో పెద్ద స్పానర్ పట్టుకుంటే ఎప్పుడో దాటిపోతుంది. రేకు పాన్ అంచు బోల్టు దగ్గర గుంటపడి, రెండు బోల్టుల మధ్య పైకి లేస్తుంది, అక్కడే కారుతుంది. 8 గేర్ల జడ్‌ఎఫ్ పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది, ఎక్కువ బిగిస్తే పగులుతుంది. చిన్న టార్క్ రెంచ్‌తో మధ్య నుంచి బయటికి, అడ్డంగా మార్చి మార్చి రెండు మూడు విడతల్లో బిగించండి. గ్యాస్కెట్ ఉన్నచోట సిలికాన్ వద్దు. లోపలికి పిండుకున్న ముక్క ఊడి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. కంపెనీయే గ్యాస్కెట్ లేకుండా సీలెంట్‌తో అతికించిన పాన్ సంగతి వేరు, అక్కడ పుస్తకంలో చెప్పిన సీలెంట్‌నే సన్నటి గీతగా పూయాలి.

అపోహ: "దించినంత పోస్తే లెవెల్ సరిపోయినట్టే"

దించినంత పోయడం మొదటి అడుగు మాత్రమే. పాత లెవెల్ సరిగా ఉందన్న నమ్మకం ఏదీ లేదు కదా. పైగా వేడికి ఆయిల్ ఉబ్బుతుంది. 10 లీటర్ల ఆయిల్ 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు 400 మిల్లీలీటర్లకు పైగా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు నిండుగా ఉందనుకున్నది వేడెక్కాక ఎక్కువైపోతుంది. మరీ వేడి మీద ఓవర్‌ఫ్లో ప్లగ్ (ఎక్కువైన ఆయిల్ కారిపోయేలా లెవెల్ ఎత్తులో పెట్టిన ప్లగ్) విప్పితే ఉండాల్సిన ఆయిల్ కూడా కారిపోతుంది. అందుకే ప్రతి ట్రాన్స్‌మిషన్‌కూ లెవెల్ చూసే ఉష్ణోగ్రత విడిగా ఇస్తారు. 8 గేర్ల జడ్‌ఎఫ్‌కు అది 30 నుంచి 50 డిగ్రీల మధ్య. పాత తరం డిప్‌స్టిక్‌ల హాట్ గీత 70 నుంచి 80 డిగ్రీల ఆయిల్‌ను ఉద్దేశించినది. ఓబీడీ స్కానర్‌తో (బండి కంప్యూటర్ అంకెలు చూపే పరికరం) ట్రాన్స్‌మిషన్ ఉష్ణోగ్రత చదవండి, చేత్తో పాన్ ముట్టుకుని అంచనా వేయకండి.

ఓవర్‌ఫ్లో పద్ధతి ఇలా. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బ్రేకు తొక్కిపట్టి సెలెక్టర్‌ను పీ, ఆర్, ఎన్, డీ ఒక్కోదాంట్లో 5 సెకన్లు ఆపుతూ తిప్పి మళ్లీ పీ లోకి తేవాలి. చక్రాలు గాల్లో ఉంటే తిరుగుతాయి, ఈ సమయంలో కింద ఎవరూ ఉండకూడదు. తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే, చెప్పిన ఉష్ణోగ్రతలో ప్లగ్ విప్పితే ధార సన్నగిల్లి చుక్కలు చుక్కలుగా మారినప్పుడు లెవెల్ సరి. ఏమీ రాకపోతే చేతి పంపుతో కారేదాకా నింపండి. ఆ ప్లగ్ వాషర్ కొత్తది వేయండి.

ఇంజిన్ నడుస్తుండగా పీ లో చూడాలన్నది అన్నిటికీ వర్తించే సూత్రం కాదు. పాత డాడ్జ్ పికప్‌లలో ఎన్ లో చూడాలి. డిప్‌స్టిక్ ఉన్న హోండా ఆటోమేటిక్‌లలో బండి వేడెక్కాక ఇంజిన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి.

ఒక అర లీటరు ఎక్కువే ఉండనీ అనుకోకండి. లోపల తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది, గాలి నలుగుతుంది, క్లచ్‌ను నొక్కే ప్రెషర్ నిలవదు. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. రెండు దారులూ చేరేది జారే క్లచ్ దగ్గరికే.

అపోహ: "మార్చాక గేర్లు కుదుపుతో పడుతుంటే పని చెడిపోయినట్టే"

ఇప్పటి ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ పాత ఆయిల్ ఒరిపిడికి తగ్గట్టు ప్రెషర్లను నేర్చుకుని ఉంటుంది. కొత్త ఆయిల్‌తో అది మళ్లీ సర్దుకోవాలి. తొలి వంద కిలోమీటర్లు యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కుతూ అన్ని గేర్లూ మారేలా నడపండి. కొన్ని మోడళ్లకు స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ చేయమని పుస్తకంలోనే ఉంటుంది, అప్పుడు మాత్రమే చేయండి. మొదటి రోజు నడిపాక పాన్ అంచు, ప్లగ్‌లు, కూలర్ పైపు కలిసే చోట పొడి గుడ్డతో తుడిచి చూడండి. మర్నాడు ఉదయం బండి కింద పరిచిన అట్టముక్క మీద చుక్క కనిపిస్తే, బోల్టు ఇంకాస్త బిగించే ముందు గ్యాస్కెట్ మడతపడిందేమో చూడండి.