బియ్యం బస్తా కుట్టు, ఉన్ని సాక్సు

నరసాపురం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. సిమ్లాలో ఉద్యోగం చేసే మనవడు సంక్రాంతికి వచ్చి, అక్కడెవరో చేత్తో అల్లిచ్చిన ఉన్ని సాక్సులు మర్చిపోయి వెళ్ళాడట. ఒకదానికి మడమ దగ్గర చిల్లు. రెండోదానికి ఒక్క పోగు తెగి, వేలెడు పొడవున నిచ్చెన మెట్లలా జారిపోయింది. "ఒరేయ్, ఊహ తెలిసినప్పట్నుంచీ లేసు అల్లుతున్నాను. లేసులో దారం తెగితే తెగినచోటే ఉంటుంది. ఇదేమిట్రా ఇలా దిగజారింది?" అని అడిగింది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వెనక ఉన్న చేతుల్లో మా పిన్నివి రెండు. అలాంటి మనిషి అడిగితే తేలిగ్గా తీసెయ్యలేం.

జవాబు వాళ్ళ వంటింట్లోనే, బియ్యం బస్తా మూతి మీద ఉంది. మిల్లులో వేసే ఒంటిదారం కుట్టు సంగతి అందరికీ తెలుసు. సరైన కొస దొరికితే సర్రున ఊడొస్తుంది. రెండో కొస పట్టుకుంటే ఎంత లాగినా రాదు, చివరికి వేలు తెగుతుంది. అందులో ముడి అనేదే లేదు. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, దాన్లోంచి మరొకటి వస్తాయి. ప్రతిదాన్నీ తర్వాత వచ్చినది పట్టుకుని ఉంటుంది. ఆఖరిదాన్ని వదిలేస్తే వెనకున్నవన్నీ వరసగా జారతాయి.

ఇప్పుడు సాక్సుని దగ్గరగా పట్టుకుని నిలువుగా చూడండి. ఇంగ్లీషు 'వి' అక్షరాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటుంది. ఆ ఒక్కో నిలువు వరసా ఒక బస్తా కుట్టే! కాలి చుట్టూ అలాంటివి అరవై దాకా పక్కపక్కనే నిలబడతాయి. తేడా ఒక్కటే. బస్తాకి కుట్టుకో దారం. సాక్సులో ఒకే దారం గుండ్రంగా తిరుగుతూ, చుట్టుకొకటి చొప్పున ప్రతి వరసకీ ఉచ్చు ఇచ్చుకుంటూ పోతుంది. ఎక్కడో ఒక ఉచ్చు తెగిందనుకోండి, దాని కిందది పట్టు తప్పి జారుతుంది, తర్వాత దాని కిందది. జారిన ప్రతి ఉచ్చూ అడ్డంగా ఒక దారప్పోగై మిగిలిపోతుంది. పిన్ని చూసిన మెట్లు అవే.

సాక్సు సాగడానికి కూడా కారణం ఈ ముడి లేకపోవడమే. అడ్డంగా లాగితే ఉచ్చు నిలువు కాళ్ళలోని దారం అడ్డానికి వచ్చేస్తుంది. సాక్సు వెడల్పయి పొట్టిదవుతుంది, కానీ దారం పెద్దగా సాగదు. మీ ఇంట్లో ఉన్నదాన్ని లాగి చూడండి. పంచెలో పడుగూ పేకా దాదాపు తిన్నగా ఉంటాయి, అప్పివ్వడానికి మిగులు దారం ఉండదు. పంచె గుడ్డతో గొట్టం కుడితే మడమ దాటేంత వెడల్పుండాలి, అప్పుడది చీలమండ దగ్గర వేలాడుతుంది. అంతర్వేదిలో చేపల వల చూడండి, ప్రతి కన్నుకీ ముడి ఉంటుంది. ఒక కన్ను తెగితే పక్కది కదలదు. పిన్ని లేసులో ఏ క్షణంలోనైనా సూదిమీద తెరిచి ఉండేవి కొద్దిపాటి ఉచ్చులే. ఒక్కో అల్లిక పూర్తయ్యేసరికి మూసుకుపోతుంది. సాక్సు సూదులమీద అరవై నోళ్ళూ తెరుచుకునే ఉంటాయి.

మరి నైలాన్ మేజోడులా చీలమండదాకా జారకుండా వేలెడు దగ్గరే ఎందుకు ఆగింది? ఉన్ని గనక. ఉన్ని పోగు మన వెంట్రుకలాగే కెరటిన్ అనే ప్రోటీను. దాని గొలుసుల మధ్య గంధకపు బంధాలుంటాయి, కాలిస్తే వచ్చే కంపులో ఈ గంధకం పాలుంది. పోగు పైన చేప పొలుసుల్లాంటి పొలుసులు, అన్నీ కొసవైపుకే తిరిగి ఉంటాయి. చిన్నప్పుడు గడ్డి వెన్ను చొక్కా చేతిలో పెట్టుకుంటే అదే పైకి పాకేది కదా? ఇదీ అంతే. ఒకవైపు నునుపు, రెండోవైపు పట్టు. జారబోయే ఉచ్చుని పక్క పోగుల నూగు పట్టి ఆపుతుంది. అదే ఉన్నిని వేడినీళ్ళలో, సబ్బుతో రుద్దితే ప్రతి పోగూ తన మొదలువైపుకే పాకి, పోగులన్నీ ఒకదానితో ఒకటి చిక్కుపడి, అట్టకట్టిపోతాయి. తిరిగి విడదీయలేం.

ఇక్కడ మడికి కట్టుకునే ధావళి గుర్తొస్తుంది. నూలుబట్ట ఏ రోజుకారోజు తడిపి ఆరేస్తేనే మడి, ఉన్ని ధావళికి ఆ నియమం లేదు. పూర్వీకులకి పొలుసుల శాస్త్రం తెలుసని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళున్నారు. తెలియక్కర్లేదు. రోజూ ఉతికితే ఏమవుతుందో ఒక ధావళి పాడైతే తెలిసిపోతుంది.

మరమ్మతుకి కొత్త పనిముట్టేమీ అక్కర్లేదు, పిన్ని లేసు సూదే చాలు. అట్టడుగున జారి ఆగిన ఉచ్చులో ఆ సూది కొక్కెం దూర్చి, పైమెట్టుని వెనకనుంచి పట్టి ఆ ఉచ్చులోంచి లాగాలి. అది కొత్త ఉచ్చు. దాన్లోంచి తర్వాతి మెట్టు. పైదాకా వచ్చాక, తెగినచోట మరో ఉన్ని పోగుతో కట్టెయ్యాలి. ఊడిన బస్తాని వెనక్కి కుట్టినట్టే. మడమ చిల్లుకి ఇది కుదరదు, అక్కడ దారమే అరిగిపోయింది. నున్నగా గీకిన కొబ్బరి చిప్పని బోర్లించి సాక్సు లోపల పెట్టి, చిల్లు చుట్టూ బాగున్నచోట నుంచి మొదలెట్టి నిలువు పోగులు వెయ్యాలి, వాటిమీద కిందకీ పైకీ అడ్డపోగులు నెయ్యాలి. బిగించి లాగితే ముడతపడి కాలికి గుచ్చుకుంటుంది. ఆ అతుకు పంచెగుడ్డలాంటిదే, సాగదు. అందుకే చిల్లు పడకముందే, పలచబడ్డప్పుడే, పాత ఉచ్చు వెళ్ళిన దారినే సూదితో ఇంకో పోగు తిప్పితే మేలు. ఉచ్చు ఉచ్చుగానే ఉంటుంది గనక సాగుతుంది కూడా.

పిన్ని సాయంత్రానికల్లా రెండూ చేసేసి మళ్ళీ ఫోన్ చేసింది. పార్సెల్ చేసేముందు మరిగే నీళ్ళలో వేసి, బాగా రుద్ది ఉతుకుతానంది. కుర్చీలోంచి లేచి అరిచాను.