రొద పెరిగింది, లాగుడు తగ్గింది

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

శ్రీశైలం ఘాట్‌లో నాన్న రెండో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కారు మొదట జోరుగా లాగిందనీ, ఇంజను చుట్లు చూపే మీటరులో ముల్లు ఆరు, అంటే ఆరు వేలు, దాటాక రొద పెరిగింది కానీ లాగుడు తగ్గిందనీ రాశారు. "అంత గట్టిగా తిరిగే ఇంజను ఇంకా ఎక్కువ లాగాలి కదా తాతయ్యా?" అని అడిగారు. ఏళ్ల తరబడి కారు నడిపేవాళ్లు కూడా చాలామంది ఈ మాట అడగరు. మంచి ప్రశ్న.

జవాబు మా ఊరి ఏతం దగ్గర ఉంది. మీరు ఏతం చూసి ఉండరు. బావి గట్టున గుంజ మీద అడ్డంగా పొడవైన మాను, మాను కొసకు వెదురు గెడ, గెడకు ఇనుప బాన. మా బాబాయి ఆ మాను మీద ముందుకు నడిస్తే బాన బావిలోకి దిగేది, వెనక్కి నడిస్తే పైకి లేచేది. మా తాతగారు గెడ పట్టుకుని బానను ముంచి, పైకి రాగానే కాలువలోకి వంచేవారు. లెక్క తప్పకుండా ఇద్దరూ పాట పాడుకునేవారు. పాట మధ్యలో ఎవరైనా పలకరిస్తే తాతగారికి కోపం వచ్చేది. తెల్లవారుజామున చలిలో గట్టు మీద కూర్చుని తేగలు నములుతూ నేను బాననే చూసేవాణ్ణి. అది నీళ్లను తాకి కాసేపు తేలుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది, బుడబుడమని గాలి వదిలి మునుగుతుంది. ఆ కాస్త ఆగితేనే నిండు బాన.

ఒకరోజు బాబాయికి హుషారెక్కింది. వేగం పెంచాడు. బాన కొంచెం వెలితిగా వచ్చింది, అయినా కాలువలో నీరు పెరిగింది. బానలు ఎక్కువ వచ్చాయి కదా! ఇంకా పెంచాడు. ఇప్పుడు బాన మునగకుండానే లేచిపోతోంది, అడుగున దోసెడు నీళ్లు. బాబాయి ఒళ్లంతా చెమట, కాలువ మాత్రం సన్నబడింది. తొందరపడి చేసే పని చూసేవాళ్లకు గొప్పగా ఉంటుంది, చేనుకు మాత్రం నిజం తెలుస్తుంది అనేవారు తాతగారు. చదువుకూ ఈ మాట వర్తిస్తుంది, గుర్తుంచుకోండి.

ఇంజనులో సిలిండరే బాన. అందులో నిండేది గాలి, ఆ గాలికి తగినంత పెట్రోలు. బానెడు గాలి ఎంత బలంగా తిప్పుతుందో అది టార్క్. బానలు ఎంత వేగంగా వస్తున్నాయో అది ఆర్‌పీఎం, అంటే ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు. రెంటినీ గుణిస్తే చేనుకు పారే నీరు, అంటే పవర్.

నిమిషానికి 6,000 చుట్లంటే సెకనుకు 100. సిలిండరులో పైకీ కిందికీ ఆడే పిస్టన్ కిందికి దిగుతూ గాలి లాక్కునేది అరచుట్టు, అంటే సెకనులో 200వ వంతు. గాలికి తలుపులాంటి వాల్వు తెరుచుకున్నప్పుడు దాని పక్కనున్న సన్నని సందులోంచి దూరి ఆ కాస్త సమయంలో గాలి సిలిండరు నింపాలి. పూర్తిగా నింపలేదు. పైగా వేగంతో పాటు లోపలి రాపిడీ పెరుగుతుంది. బాబాయి చెమట అదే.

2018లో వచ్చిన పెట్రోలు స్విఫ్ట్‌నే చూడండి. దాని 1,197 సీసీ ఇంజను 4,200 చుట్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువ టార్క్ ఇస్తుంది, 113 న్యూటన్ మీటర్లు. లెక్కకడితే అక్కడ పవర్ దాదాపు 50 కిలోవాట్లు. 6,000 దగ్గరికి వచ్చేసరికి టార్క్ 97కి పడిపోతుంది, పవర్ మాత్రం 61 కిలోవాట్లకు చేరుతుంది. బాన వెలితిగా ఉన్నా చేనుకు నీరు పెరిగిందన్నమాట. ఆ పైన వెలితిదే పైచేయి. ఒకే గేరులో ఉన్నంతసేపు మీ వీపుకు తెలిసేది టార్కే కాబట్టి, లాగుడు ముందునుంచే మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆరు దాటాక మీరు గమనించారు.

మరి బాన మునగడానికి ఇంకొంచెం వ్యవధి ఇవ్వకూడదా? ఇవ్వవచ్చు, వాల్వును ఆలస్యంగా మూస్తే చాలు. వేగంగా వస్తున్న గాలి పిస్టన్ పైకి మళ్లాక కూడా ఆ ఊపుతో లోపలికి వస్తూనే ఉంటుంది. కానీ ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అదే ఆలస్యం వల్ల లోపలికి వచ్చిన గాలి వెనక్కి పోతుంది. 1989లో హోండా ఇంటెగ్రా కారులోని 1.6 లీటర్ల ఇంజనుకు రెండు రకాల కామ్ మిట్టలు (కామ్‌షాఫ్ట్ అనే ఇరుసు మీద ఉండి, తిరుగుతూ వాల్వులను తెరిచే ఉబ్బెత్తులు) పెట్టారు, నెమ్మదికి ఒకటి, వేగానికి ఎత్తయినది ఒకటి. వేగం పెరగగానే ఆయిల్ ఒత్తిడికి చిన్న పిన్ను జరిగి, వాల్వులు ఎత్తయిన మిట్టను అనుసరిస్తాయి. 7,600 చుట్ల దగ్గర ఒక్కో వాల్వు నిమిషానికి 3,800 సార్లు తెరుచుకుంటుంది. ఎంత చదివినా నాకు ఆ పిన్ను అద్భుతమే!

ఇంతకు మించి కాగితం మీద చెప్పడం కష్టం. మెకానిక్ షెడ్డులో ఎక్కడైనా సిలిండర్ హెడ్, అంటే వాల్వులుండే ఇంజను పైభాగం, విప్పి ఉంటే, అనుమతి అడిగి కామ్‌షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. వాల్వు ఎంత కొంచెం తెరుచుకుంటుందో చూడండి. అలాగే ఏదైనా డీజిల్ కారు మీటరులో ఎర్ర గీత ఏ అంకె దగ్గర మొదలవుతుందో చూసి, మీ పెట్రోలు కారుతో పోల్చి, అంత తేడా ఎందుకని మీకు తోచిందో నాకు రాయండి.

మీ తాతయ్య