గాదంకి రాడార్, పరిశోధకుల ఫెలోషిప్: వెనక ఉన్న కథ

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో గాదంకి టోల్‌గేట్ దాటని వాళ్లు మన వైపు తక్కువ. ఆ ఊరి దగ్గరే, గుట్టల నడుమ, నాలుగెకరాల పైచిలుకు నేలలో 1,024 యాంటెనాలు వరసలు తీరి ఉన్నాయని మాత్రం చాలామందికి తెలియదు. ఒకప్పుడు దూరదర్శన్ కోసం మిద్దెల మీద పెట్టుకున్న యాంటెనాల జాతే అవి. పేరు ఎంఎస్‌టీ రాడార్; మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే వాతావరణ పొరల పేర్లలోని మొదటి అక్షరాలవి. ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే సన్నని ప్రతిధ్వనిని బట్టి పైన గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో చెబుతుంది.

1980ల్లో వాతావరణం పై పొరల మీద దేశవ్యాప్తంగా పరిశోధన మొదలైనప్పుడు ఈ రాడార్ ఆలోచన వచ్చింది. కేంద్రంలోని పలు శాఖలు తలా కొంత డబ్బు వేసుకున్నాయి. చుట్టూ ఉన్న గుట్టలు బయటి రేడియో అలజడిని అడ్డుకుంటాయి కాబట్టి గాదంకి కుదిరింది. 1992లో రాడార్ పని మొదలుపెట్టింది. ఏ యూనివర్సిటీ వాళ్లయినా వచ్చి వాడుకోవచ్చన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. 2005లో ఆ కేంద్రమే అంతరిక్ష శాఖ కింద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది.

రాడార్ ఇచ్చే అంకెల్లోంచి అర్థం తీసే పనిలో పెద్ద భాగం జేఆర్ఎఫ్‌లది, అంటే నెలనెలా ఫెలోషిప్ డబ్బు తీసుకుంటూ పీహెచ్‌డీ చేసే జూనియర్ రీసెర్చ్ ఫెలోలది. ఎమ్మెస్సీ అయ్యాక నెట్, గేట్ లేదా జెస్ట్ లాంటి జాతీయ అర్హత పరీక్ష గట్టెక్కి, ఇంటర్వ్యూ దాటి వస్తారు. రెండేళ్ల తర్వాత పని చూసి ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) చేస్తారు. పీహెచ్‌డీ పట్టా మాత్రం యూనివర్సిటీ ఇవ్వాలి.

ఇక డబ్బు సంగతి. 2010లో జేఆర్ఎఫ్‌కు నెలకు 16,000 రూపాయలు. 2014లో 25,000 చేశారు. ఆ తర్వాత నాలుగేళ్లు కదలిక లేదు. 2018 చివర్లో దేశమంతా పరిశోధక విద్యార్థులు రోడ్డెక్కారు. 2019 జనవరి నుంచి 31,000 అయింది, ఎస్ఆర్ఎఫ్‌కు 35,000. మళ్లీ నాలుగేళ్లకు, 2023 జనవరి నుంచి 37,000, 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. ఉద్యోగి జీతానికి ఉన్నట్టు ఫెలోషిప్‌కు ధరలతో పాటు పెరిగే డీఏ (కరువు భత్యం) లేదు. అందుకే పెంపు కోసం ప్రతిసారీ అడిగి, ఎదురుచూడాల్సి వస్తోంది. ఇది అన్యాయమనే నేనంటాను.

ఎంత పెరిగినా చేతికి వేళకు అందకపోతే కష్టమే. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఒకసారి ఐదు నెలలు పైసా పడలేదు. ఇంటికి ఫోన్ చేయాలంటేనే టెన్షన్. మెస్‌లో నా ఖాతా పేజీ నిండిపోతే మెస్ నడిపే అమ్మ నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకుంది. "పడినప్పుడే ఇద్దువులే నాయనా, ముందు తిను" అనేది. ఆ నెలల్లోనే మా బ్యాచ్‌లో ఒకతను పరిశోధన వదిలేసి బ్యాంకు కోచింగ్‌లో చేరాడు. మా అందరికంటే లెక్కలు బాగా వచ్చినవాడు.

2018లో రోడ్డెక్కినవాళ్లు అడిగింది మొత్తం పెంచమని మాత్రమే కాదు. ధరలను బట్టి దానంతటదే పెరిగే ఏర్పాటు, నెలనెలా ఠంచనుగా చెల్లింపు కూడా అడిగారు. 2019లో మొత్తం పెరిగింది. తర్వాతి పెంపుకు మళ్లీ 2023 దాకా ఆగాల్సి వచ్చింది.