సీటు బెల్టు ఎముకల మీద ఉండాలి: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఎమర్జెన్సీ డాక్టరుగా పనిచేస్తున్నాను. బెల్టు పెట్టుకోనివాళ్ల గురించి అందరూ చెప్తారు. పెట్టుకున్నా తప్పుగా పెట్టుకున్నవాళ్ల గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: క్లిక్ అని పడితే చాలు, బెల్టు ఎట్లా ఉన్నా ఒకటే.

వాస్తవం: కారు ఆగినా ఒళ్లు అదే వేగంతో ముందుకు పోతుంది. దాన్ని ఆపే బలమంతా బెల్టు ఆనిన చోటే పడుతుంది. ఆ బలానికి ఓర్చుకోగలిగేవి తుంటి ఎముకలు, రొమ్ము ఎముక, కాలర్ బోన్. కింది పట్టీ పొట్ట మీదికి జరిగి ఉంటే పేగులు బెల్టుకూ వెన్నెముకకూ మధ్య నలిగిపోతాయి. పైకి కనిపించేది పొట్టకు అడ్డంగా కమిలిన చార ఒక్కటే. లోపల పేగుకు చిల్లు పడొచ్చు, నడుము పూస విరగొచ్చు. ఆ చార ఉన్న మనిషి "నాకేం కాలేదు, ఇంటికి పోతా" అన్నా మేం వెంటనే పంపించం. పేగు దెబ్బ కొన్ని గంటల తర్వాత గానీ బయటపడకపోవచ్చు.

కింది పట్టీని తొడల మొదటికి దించి, పై పట్టీని లాగి బిగువు చేయండి. పై పట్టీ భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా రావాలి. మెడకు ఒరుసుకుంటోందని దాన్ని చంక కిందికి తోస్తే బలం కింది పక్కటెముకల మీద పడుతుంది. వాటి వెనకే కాలేయం, ప్లీహం ఉంటాయి. చాలా కార్లలో డోరు పక్కన బెల్టు ఎత్తు మార్చుకునే వీలుంది, దాన్ని వాడండి. హైదరాబాద్ రోడ్డెక్కగానే సీటు వాల్చి నిద్రపోయే అలవాటు కూడా మానుకోండి. వాలిన ఒళ్లు బెల్టు కింది నుంచి జారిపోతుంది.

అపోహ: గర్భిణులు బెల్టు పెట్టుకోకూడదు.

వాస్తవం: తప్పకుండా పెట్టుకోవాలి. కింది పట్టీ కడుపు కిందుగా తుంటి మీద, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి కడుపు పక్కగా ఉండాలి. కడుపు మీదుగా మాత్రం వద్దు.

అపోహ: "వెనక కూసున్నోళ్లకు ఏమైతది సారూ?"

వాస్తవం: బెల్టు లేకపోతే వెనకవాళ్లు ఎగిరి ముందు సీటు మీద పడతారు. ముందువాళ్లు బెల్టు పెట్టుకున్నా ఆ బరువుకు నలిగిపోతారు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు ఆయన వెనక సీట్లోనే, బెల్టు లేకుండా కూర్చుని ఉన్నారు. వెనక సీటుకూ బెల్టు తప్పనిసరని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138(3) చెప్తోంది.

మేడారం జాతరకు పోయే కార్లలో పిల్లలు ఒళ్లో కూర్చోవడం చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు అర మీటరులో ఆగిపోతే, 10 కిలోల బిడ్డను పట్టుకోవడానికి సుమారు 200 కిలోల బరువును ఆపేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అంత సాధ్యం కాదు. ఒకే బెల్టులో ఇద్దరూ ఉంటే బిడ్డ మధ్యలో నలుగుతుంది. చిన్నపిల్లలకు చైల్డ్ సీటే దారి.

అపోహ: ఎయిర్‌బ్యాగ్ ఉంది, బెల్టు ఎందుకు?

వాస్తవం: ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటు కంటే తక్కువ సమయంలో విచ్చుకుంటుంది. బెల్టు లేని మనిషి బ్రేకు పడగానే ముందుకు వాలి, సరిగ్గా అది పేలే చోటికే ముఖం పెడతాడు.

అపోహ: పక్కనే ఉన్న కాజీపేట దాకే కదా, బెల్టు ఎందుకు?

వాస్తవం: 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడం దాదాపు మూడో అంతస్తు నుంచి పడ్డట్టే.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఒక మాట. పెద్ద ప్రమాదంలో ఒకసారి బలం పడ్డ బెల్టును మార్చేయాలి. బెల్టును బిగించే ప్రీటెన్షనర్ ఒక్కసారే పనిచేస్తుంది. కొనేముందు ప్రతి సీటు బెల్టునూ చివరిదాకా లాగి, అంచులు పీచు లేచాయేమో చూసి, వదిలితే తిరిగి లోపలికి పోతోందో లేదో గమనించండి. గట్టిగా ఒక్క గుంజు గుంజితే అక్కడికక్కడే లాక్ అయిపోవాలి.