హాజరు పట్టీలో పేరుంది, పక్కన టీచరు లేరు

2025 మార్చి 7న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటికీ ఒక గడువు పెట్టింది. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లు ఎంతమంది కావాలో లెక్క తేల్చి, మూడు వారాల్లో ఆ పోస్టులను ప్రకటించమంది. ఆ తర్వాతి నెలలో ఆంధ్రప్రదేశ్ 2,260 పోస్టులు మంజూరు చేసింది. అందులో 1,136 ఎస్జీటీలు (చిన్న తరగతుల టీచర్లు), 1,124 స్కూల్ అసిస్టెంట్లు (పెద్ద తరగతుల టీచర్లు). తెలంగాణ అంతకు ముందే, 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్‌కు పెట్టింది.

పేపర్లో చూసినవాళ్లకు ఇది ఇంకో ఉద్యోగ ప్రకటన. బిడ్డను ఎత్తుకుని బడి దాకా వెళ్లి, "చేర్చుకుంటాం గానీ చూసుకునేవాళ్లు లేరమ్మా" అని విని వెనక్కి వచ్చిన తల్లికి మాత్రం వేరే అనుమానం వస్తుంది. ఇరవై ఏళ్లుగా "సహిత విద్య" అంటున్నారు, అంటే అందరు పిల్లలతో కలిపి చదివించడం, మరి ఈ పోస్టులు లేకుండా అది ఎలా నడిచింది?

సంక్షిప్తంగా చెప్పాలంటే, కాంట్రాక్టు మీద నడిచింది, ఇంట్లో అమ్మ మీద నడిచింది. అలా ఎందుకైందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

దేశ విద్యావ్యవస్థను పరిశీలించిన 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఈ పిల్లల చదువు మామూలు విద్యావ్యవస్థలో విడదీయలేని భాగం కావాలని రాసింది. ఆ రోజులకు అది పెద్ద మాటే. కానీ అదే నివేదికలో పెట్టుకున్న లక్ష్యం చూడండి: 1986 నాటికి చూపు లేని, వినికిడి లేని, అవయవ లోపం ఉన్న పిల్లల్లో సుమారు 15 శాతానికి, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లలో 5 శాతానికి చదువు అందితే చాలట. ఇరవై ఏళ్లు గడిచాక కూడా నూటికి ఎనభై అయిదు నుంచి తొంభై అయిదు మంది ఇంట్లోనే ఉంటారని ముందే ఒప్పుకున్న లెక్క అది.

1974లో కేంద్రం ఈ పిల్లలను మామూలు బడుల్లో చేర్చే పథకం ఒకటి తెచ్చింది. దాన్ని మొదలుపెట్టింది విద్యాశాఖ కాదు, సంక్షేమ శాఖ. పుస్తకాలకు, రాకపోకలకు, పరికరాలకు సాయం అందులో ఉండేది. విద్యాశాఖ చేతికి అది 1982లో గానీ రాలేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. "మీ పిల్లలను చూడటానికి వేరే శాఖ ఉంది" అనే మాట హెడ్మాస్టర్ల నోట చాలా కాలం వినిపించడానికి మూలం ఇక్కడే ఉందని నా అనుమానం.

1986 జాతీయ విద్యావిధానం పిల్లలను రెండుగా విడగొట్టింది. లోపం కొద్దిగా ఉన్నవాళ్లు అందరితో కలిసి చదువుకోవాలి, తీవ్రంగా ఉన్నవాళ్లకు వీలైనంత వరకు జిల్లా కేంద్రాల్లో హాస్టల్‌తో కూడిన ప్రత్యేక పాఠశాలలు. కాగితం మీద బాగానే ఉంది. అయిదేళ్ల పిల్ల, అన్నం తానుగా తినలేని పిల్ల, అమ్మను వదిలి జిల్లా కేంద్రంలో హాస్టల్లో ఉండాలి! ఎంతమంది పంపుతారు? పంపలేదు. ఆ పిల్లలు ఊళ్లోనే, అరుగు మీదే పెరిగారు.

ఈ కథలో మన ప్రాంతానికి నేరుగా సంబంధం ఉన్న ఘట్టం 1984లో మొదలైంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఎన్ఐఎంహెచ్ అంటే పాతవాళ్లకు ఇప్పటికీ తెలుస్తుంది. తర్వాత పేరు మారి ఎన్ఐఈపీఐడీ అయింది. దేశమంతటి స్పెషల్ టీచర్లు వాడే అంచనా పట్టీ ఒకటి 1991లో ఇక్కడి నుంచే వచ్చింది. ప్రీ ప్రైమరీ నుంచి ప్రీ ఒకేషనల్ (వృత్తి శిక్షణకు ముందు దశ) దాకా దశల వారీగా, పిల్లవాడు ఏ పని సొంతంగా చేస్తాడు, ఏ పనికి చేయి పట్టుకోవాలి, ఏ పనికి మాట సాయం సరిపోతుంది అని అందులో రాసుకుంటూ పోతారు. మొన్న సాయంతో చేసింది ఇవాళ సొంతంగా చేశాడా అన్నదే ప్రగతి.

ఇంటి చదువు అంటే ఏమిటో అర్థం కావాలంటే ఈ పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. చొక్కా తొడుక్కోవడమే తీసుకోండి. మనకు అది ఒక పని. స్పెషల్ టీచరుకు అది పది పన్నెండు పనులు: చొక్కా ముందు వెనక గుర్తుపట్టడం, ఒక చేయి దూర్చడం, వీపు మీదుగా రెండో వైపు లాక్కోవడం, రెండో చేయి దూర్చడం, అంచులు కలపడం, గుండీ పట్టుకోవడం, కాజాలోకి నెట్టడం, అవతల నుంచి లాగడం. చాలాసార్లు దీన్ని చివరి నుంచి నేర్పుతారు. అన్నీ అమ్మే చేసి, ఆఖరి గుండీని సగం కాజాలోకి నెట్టి వదిలేస్తుంది. పిల్లవాడు దాన్ని లాగితే చాలు, చొక్కా తొడుక్కోవడం అయిపోయింది, వాడే పూర్తి చేశాడు! అది కుదిరాక ఆఖరి రెండు మెట్లు వాడివి, తర్వాత మూడు. గెలుపుతోనే మొదలవుతుంది కాబట్టి పిల్లలు మొండికేయడం తగ్గుతుంది.

పరికరాలు కూడా వంటింట్లోవే. పెసలూ శనగలూ కలిపి వేరు చేయమంటే వేళ్లకు పని, చూపుకు పని, "చిన్నది, పెద్దది" అనే మాటలు. చపాతీ పిండి ముద్ద నలపడం పెన్సిల్ పట్టుకోవడానికి ముందు మెట్టు. స్నానం చేయించేటప్పుడు "చేయి, కాలు, ముక్కు" అని పేరు పెట్టి నీళ్లు పోస్తే అదే భాషా పాఠం. ఇవన్నీ తల్లులకు నేర్పాలి, నేర్పితే వస్తాయి. కానీ రోజూ ఒకే మెట్టు మీద మూడు నెలలు నిలబడ్డ తల్లికి "సరిగ్గానే చేస్తున్నావు, ఇలా కొంచెం మార్చి చూడు" అని చెప్పే మనిషి వారానికి ఒకసారైనా గుమ్మంలోకి రావాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 దేశాల ప్రభుత్వాలు కూర్చుని, పిల్లవాడు బడికి సరిపోవడం కాదు, బడే పిల్లవాడికి సరిపోవాలని ఒప్పుకున్నాయి. మన దేశంలో 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు అంది. ఆటిజం ఆ ఏడింటిలో లేదు. అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నట్టు చదివే పిల్లలూ లేరు. వాళ్లు తరగతిలో "మొద్దు" గానో "అల్లరి" గానో మిగిలారు.

సర్వశిక్షా అభియాన్ 2001లో వచ్చాక మాట మారింది. ఏ పిల్లనూ తిప్పి పంపకూడదు అన్నది దాని నియమం. దానికి డబ్బు ఎలా ఇచ్చారన్నది ముఖ్యం. పోస్టులు ఇవ్వలేదు, తలసరి ఇచ్చారు. ఒక్కో పిల్లకు ఏడాదికి 1,200 రూపాయలు. తర్వాత అది 3,000 అయింది, అందులో కనీసం 1,000 ఈ పిల్లలకు చెప్పే రిసోర్స్ టీచర్లకు వాడమన్నారు. 2018లో దాని స్థానంలో సమగ్ర శిక్ష పథకం వచ్చాక 3,500. నెలకు లెక్కేస్తే మూడు వందలు కూడా దాటదు. ఏటా బడ్జెట్ పెట్టుకుని, ఏటా ఆమోదం తెచ్చుకునే పథకంలో ఆ టీచరు జీతం ఒక పద్దు అయింది. పద్దుకు పెన్షన్ ఉండదు, బదిలీ ఉండదు, మరుసటి ఏడాదికి గ్యారంటీ ఉండదు.

ఆ డబ్బుతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ మండలాల్లో భవిత కేంద్రాలు వచ్చాయి. మండల కేంద్రంలోని బడి ఆవరణలో ఒక గది, గోడల మీద అక్షరాల చార్టులు, ఒక మూల ఫిజియోథెరపీ చాప, నిలబడటం నేర్పే చెక్క స్టాండు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లల కోసం బెల్టున్న కుర్చీ. ఆంధ్రలో ఐఈఆర్‌టీ అని, తెలంగాణలో ఐఈఆర్‌పీ అని పిలిచే రిసోర్స్ టీచర్లు ఇక్కడ పనిచేస్తారు. పిల్లలకు రాకపోకల భత్యం, వెంట వచ్చేవాళ్లకు ఎస్కార్ట్ భత్యం ఉంటాయి. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు ఆ గదిలో అడుగు పెట్టడానికి చోటుండదు. తల్లులు ఒకరి కష్టం ఒకరు చెప్పుకునేది కూడా ఆ రోజే. నన్నడిగితే ఆ మాటలకు కూడా థెరపీ అనే పేరు పెట్టొచ్చు.

భవిత కేంద్రాన్ని తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు. గుర్తించడం, వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు తీసుకెళ్లడం, వినికిడి యంత్రాలకూ చక్రాల కుర్చీలకూ కొలతలు ఇప్పించడం, ఊరూరా బడులు తిరగడం, బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లడం, ఇవన్నీ ఆ కాంట్రాక్టు టీచర్ల నెత్తినే ఉన్నాయి. అన్ని ఊళ్లు తిరిగే మనిషి ఒక పిల్లవాడి చొక్కా గుండీ దగ్గర ఎంతసేపు కూర్చోగలరు?

తరగతి గదిలో సంగతి ఇంకోలా ఉంటుంది. మన ప్రాథమిక పాఠశాలలు చాలా వాటిలో అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లు. సహిత విద్య మీద వాళ్లకు అందింది మూడు నుంచి అయిదు రోజుల శిక్షణ. వినికిడి యంత్రం పెట్టుకున్న పాపను ముందు కూర్చోబెట్టాలని తెలుసు. కానీ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే ఆ పాపకు పెదాలు కనపడవని రాస్తూ రాస్తూ మరిచిపోతారు. వాళ్లను తప్పు పట్టలేం. ఒక పక్క ఒకటో తరగతికి గుణింతాలు, ఇంకో పక్క మూడో తరగతికి తీసివేతలు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో ఈ లోటు పూడాల్సింది. ఆ చట్టం చివర ఒక షెడ్యూల్ ఉంది. బడికి ఏమేం ఉండాలో అందులో రాశారు. ఆటంకం లేకుండా లోపలికి వెళ్లే దారి ఉండాలన్నారు, అందుకే ఊరూరా ర్యాంపులు కనిపిస్తాయి. పెద్ద తరగతులకు బొమ్మలు గీయడం, వ్యాయామం, చేతిపని నేర్పే పార్ట్ టైమ్ టీచర్లకు కూడా చోటిచ్చారు. స్పెషల్ ఎడ్యుకేటర్ అనే మాటే అప్పటికి అందులో లేదు. ర్యాంపు ఎక్కి లోపలికి వచ్చాక ఎవరు చూస్తారన్నది ఎవరూ రాయలేదు.

2012లో ఆ చట్టాన్ని సవరించారు. వైకల్యం ఉన్న పిల్లలను దాని పరిధిలోకి స్పష్టంగా తెచ్చారు. దాంతో పాటు తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు కోరుకునే హక్కు కూడా ఇచ్చారు. "కోరుకునే" అన్నది ఇక్కడ అసలు మాట. మంచం దిగలేని పిల్లకు అది నిజంగా వరం. కానీ కోరుకోవడానికి ఇంకో దారి కూడా ఉండాలి కదా. బడిలో చూసుకునేవాళ్లు లేనప్పుడు ఇంటి చదువు తల్లిదండ్రులు ఎంచుకున్నది అవదు, వాళ్లకు మిగిలింది అవుతుంది. పేరు బడి రిజిస్టర్‌లో, పిల్ల ఇంట్లో. ఆమెను చూసుకోవడానికి కూలి మానుకున్న అమ్మ ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఏడు రకాలను ఇరవై ఒకటి చేసింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఉండే ఇబ్బందులు) అప్పుడు చట్టంలోకి వచ్చాయి. చిన్న పిల్లల విషయంలో ఇక్కడా ఒక మెలిక ఉంది. అభ్యసన వైకల్యానికి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష మూడో తరగతికో ఎనిమిదేళ్లకో గానీ మొదలుపెట్టకూడదని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. కారణం ఉంది, అయిదేళ్లకు అక్షరాలు తడబడే పిల్లలంతా ఆ కోవలోకి రారు. కానీ సర్టిఫికెట్ ఉంటేనే సాయం అని బడి అనుకుంటే, ఒకటో తరగతి, రెండో తరగతి అలాగే గడిచిపోతాయి. నిజానికి ఆ వయసులో కావాల్సింది సర్టిఫికెట్ కాదు, ఇసుకలో అక్షరం దిద్దించే ఓపిక.

కరోనాలో బడులు మూతపడ్డాక ఇదంతా బయటపడింది. పాఠాలు దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి చానళ్లకూ తెలంగాణ ప్రభుత్వ చానల్ టీశాట్‌కూ మారాయి. టీవీ పాఠం చూపు లేని పిల్లకు సగం, వినికిడి లేని పిల్లకు సగం కూడా కాదు. ఫిజియోథెరపీ ఆగితే బిగుసుకున్న కండరాలు మళ్లీ మొదటికొస్తాయి. ఆ నెలల్లో ఊరంతా "ఇంటి చదువు" గురించి టెన్షన్ పడింది. ఈ తల్లులకు అది కొత్త కాదు.

ఇక కోర్టు సంగతి. ఉత్తరప్రదేశ్‌లో శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్లు కొందరు 2016లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 అక్టోబర్ 28న తీర్పు వచ్చింది. బడుల్లో ఇలాంటి పిల్లలకు ఎంతమందికి ఒక టీచరు అనేది తేల్చమని కోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ఆపైన పదిహేను మందికి ఒకరు అని 2022లో కేంద్రం చెప్పింది. నిష్పత్తి వచ్చినా పోస్టులు రాలేదు. అందుకే 2025లో మళ్లీ ఉత్తర్వు. ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉన్న అర్హులను స్క్రీనింగ్ కమిటీ పెట్టి పరిశీలించమని కూడా అందులో ఉంది.

లెక్క ఇక్కడ ఇంకోసారి అడ్డం తిరుగుతుంది. మన పల్లె ప్రాథమిక పాఠశాలల్లో ఇలాంటి పిల్లలు పది మంది ఒకే చోట ఉండరు. ఒక ఊళ్లో ఒకరు, పక్క ఊళ్లో ఇద్దరు. కాబట్టి పర్మినెంట్ అయిన టీచరు కూడా బడి నుంచి బడికి తిరగాల్సిందే. బడికి రాలేని పిల్లల చదువు మిగతా పిల్లల చదువుతో సమానంగా ఉండాలని, అది ఎంత బాగా అందుతోందో ఆడిట్ చేయాలని 2020 జాతీయ విద్యావిధానం రాసింది. పదికి ఒకరు, పదిహేనుకు ఒకరు అన్న నిష్పత్తి బడిలోని పిల్లలను లెక్కపెడుతుంది. ఇంటి దగ్గరున్న పిల్ల దగ్గరికి ఆ టీచరు వారానికి ఎన్ని గంటలు రావాలన్నది అందులో లేదు.