హవాయి బడుల్లోకి హవాయి భాష తిరిగివచ్చిన దారి

అమెరికాలోని హవాయి రాష్ట్ర రాజ్యాంగంలో 1978లో చేరిన ఒక నిబంధన ప్రభుత్వ పాఠశాలల్లో హవాయి భాష, సంస్కృతి, చరిత్రలతో కూడిన విద్యా కార్యక్రమాన్ని రాష్ట్రమే అందించాలని చెబుతుంది. అంతటితో ఆగకుండా, ఆ పనికి స్థానిక సమాజంలోని నిపుణుల సాయం తీసుకోవడం తగినదీ, తప్పనిసరైనదీ అని కూడా చెబుతుంది. పాఠం చెప్పే అర్హత పట్టాలో మాత్రమే ఉండదని ఒక రాజ్యాంగం రాసుకోవలసి వచ్చిందంటే, అంతకుముందు జరిగిన నష్టం ఎంతటిదో తెలుసుకోవాలి.

1820లో అమెరికా నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలు హవాయి భాషకు లిపి కూర్చారు. హవాయి ఇంకా స్వతంత్ర రాజ్యంగా ఉన్న 1840లో, మూడవ కమేహమేహా రాజు పాలనలో ప్రభుత్వ విద్యావ్యవస్థ ఏర్పడినప్పుడు బోధన హవాయి భాషలోనే సాగింది. మావీ దీవిలోని లహైనాలునాలో 1834లో తొలి పత్రిక వెలువడింది. తరువాతి శతాబ్దంలో ఆ భాషలో దాదాపు వంద పత్రికలు వచ్చాయి. చదవను, రాయను నేర్చిన జాతి అది. అయితే ఇంగ్లీషు బడుల ప్రాబల్యం రాజరికం ఉండగానే మొదలైందనీ, 1890ల నాటికే హవాయి మాధ్యమ బడులు బాగా తగ్గిపోయాయనీ మరవకూడదు.

1893లో రాణి లిలియుఒకలానీని గద్దె దించినవారి ప్రభుత్వం 1896లో చేసిన చట్టం, ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నిటిలో ఇంగ్లీషే బోధనా మాధ్యమం కావాలని శాసించింది. ఇంట్లో మాట్లాడుకోవడాన్ని అది నిషేధించలేదు. కానీ బడిలో తల్లి భాష పలికిన పిల్లలకు దండన తప్పలేదు. ఆ దండన తిన్నవారు పెద్దయ్యాక తమ పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడారు. 1980ల ఆరంభానికి ఆ భాష ధారాళంగా మాట్లాడే పిల్లలు, ఏకాంతంగా మిగిలిన నీహౌ దీవిని పక్కన పెడితే, వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే మిగిలారు.

1970లలో సాంస్కృతిక పునరుజ్జీవనం వచ్చింది. 1976లో హోకూలేఅ అనే జంట పడవ ఆధునిక పరికరాలు లేకుండా, నక్షత్రాలనూ అలలనూ చూసుకుంటూ దూరాన ఉన్న తాహితి దీవి చేరడం ప్రజలకు కొండంత ధైర్యమిచ్చింది. ఆ ఊపులోనే 1978 నిబంధన పుట్టింది, హవాయి భాష అధికార భాష అయింది. 1980 నుంచి ప్రాథమిక పాఠశాలలు 'కూపునా'లను, అంటే ఊరి పెద్దలను, తరగతులకు పిలిచాయి. ఏ తరం పిల్లలు ఆ మాటలు పలికినందుకు బడిలో శిక్ష అనుభవించారో, ఆ తరం వారే పాటలు, మొక్కల పేర్లు, చేమదుంప సాగు నేర్పడానికి అదే బడి గడప తొక్కారు. ఈ చరిత్ర మొత్తంలో నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టం ఇదే.

వారానికి కొద్ది సమయంతో పిల్లలకు భాష రాదు. అందుకని, న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు 1982లో మొదలుపెట్టిన భాషా గూళ్ల, అంటే పసిపిల్లలతో తమ భాషలోనే మాట్లాడే శిశు విద్యాలయాల, స్ఫూర్తితో, కొందరు ఉపాధ్యాయులు 1983లో 'అహా పూనానా లెయో' సంస్థను స్థాపించారు. ఆ పేరులో పలుకుల గూడు అన్న అర్థం ఉంది. మరుసటి ఏడాది కౌవాయి దీవిలోని కెకాహాలో దాని తొలి శిశు విద్యాలయం తెరుచుకుంది. ఆ పిల్లలు పెద్దబడికి వెళ్లే వయసు వచ్చేసరికి తొంభై ఏళ్ల నాటి ఇంగ్లీషు మాధ్యమ నిబంధన ఇంకా అడ్డుగానే ఉంది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు శాసనసభ చుట్టూ తిరిగి 1986లో దాన్ని తొలగింపజేశారు. 1987లో హీలో పట్టణంలోని కెయౌకహా, ఓఆహూ దీవిలోని వైఆవూ ప్రభుత్వ పాఠశాలల్లో హవాయి మాధ్యమ తరగతులు మొదలయ్యాయి. వాటిలో ఇంగ్లీషును ఐదో తరగతిలో గాని ప్రవేశపెట్టరు. ఆ మాధ్యమంలోనే ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసిన తొలి విద్యార్థులు 1999లో బయటికి వచ్చారు.

హవాయి రాష్ట్రమంతా ఒకే విద్యాశాఖ కింద ఉన్నా, దీవికి దీవికి అవకాశాలు వేరు. లానాయి అనే చిన్న దీవిలో హవాయి మాధ్యమం అందలేదని ఒక తల్లి వేసిన వ్యాజ్యంలో 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, భాషను బతికించడానికే 1978 నిబంధన వచ్చిందనీ, ఆ మాధ్యమ విద్యను అందుబాటులో ఉంచడానికి రాష్ట్రం సహేతుకమైన ప్రయత్నాలన్నీ చేసితీరాలనీ తేల్చింది. ఉపాధ్యాయుల కొరత ఉన్నా ఆ బాధ్యత తప్పదు.