ఆక్సిజన్ కాటు ఏ కణానికి ఎలా తగులుతుంది?

చెన్నై సెంట్రల్ స్టేషను దగ్గరున్న మద్రాసు వైద్య కళాశాల మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు అక్కడ చదువుకున్న మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు వస్తారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1929లో కండరం నుంచి వేరుచేసిన ఏటీపీయే కణాల పనులకు కావలసిన శక్తిని అందించే పదార్థం. దాన్ని తయారుచేసే, కణంలోని చిన్న భాగాలైన మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ చివరకు ఆక్సిజన్‌ను చేరి నీటిగా ముగియాలి. దారిలో కొన్ని జారిపోయి ముందే ఆక్సిజన్‌కు అంటుకుంటే సూపరాక్సైడ్ పుడుతుంది. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైము పనిని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆ పెరాక్సైడ్ కూడా నీరైపోయేలోగా విడిగా ఉన్న ఇనుముకు తగిలిందంటే, దేనితోనైనా ఇట్టే చర్య జరిపే హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టి కొవ్వు, ప్రోటీను, డీఎన్ఏ అన్న తేడా లేకుండా పక్కనున్నదాన్ని పాడుచేస్తుంది. సూపరాక్సైడ్, పెరాక్సైడ్ లాంటి ఈ పదార్థాలు పుట్టే వేగం అణిగే వేగాన్ని మించిన స్థితే ఆక్సీకరణ ఒత్తిడి.

ఈ దెబ్బ అన్ని కణాలకూ ఒకేలా తగలదు. ఎర్ర రక్తకణాన్నే చూడండి. దానికి కేంద్రకం లేదు కనుక పాడైన ప్రోటీను స్థానంలో కొత్తది చేసుకోలేదు. అయినా ఇనుమునూ ఆక్సిజన్‌నూ కడుపులో పెట్టుకుని దాదాపు 120 రోజులు తిరగాలి. దానికున్న ప్రధాన రక్షణ పెరాక్సైడ్‌ను అణచడానికి తోడ్పడే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు. ఆ గ్లూటాథయోన్‌ను పనికి సిద్ధంగా ఉంచేది జీ6పీడీ అనే ఎంజైము. చెన్నైలో మిద్దెల మీది నీళ్ల ట్యాంకుల్లో, బావుల్లో పెరిగే దోమలు తెచ్చే మలేరియాలో వైవాక్స్ రకమే ఎక్కువ. కాలేయంలో దాగిన ఆ పరాన్నజీవిని చంపడానికి ప్రైమాక్విన్ ఇస్తారు. జీ6పీడీ లోపం ఉన్నవారిలో ఈ మందు వల్ల హిమోగ్లోబిన్ ముద్దకట్టి కణపు పొరకు అతుక్కుంటుంది, కణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లబడుతుంది, కళ్లు పచ్చబడతాయి. మందు మొదలుపెట్టే ముందే జీ6పీడీ లోపం ఉందేమో చూసే పరీక్ష జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటం వల్ల లోపం మగవారిలోనే ఎక్కువగా బయటపడుతుంది.

మెదడు బరువు శరీరంలో నూటికి 2 వంతులే అయినా, విశ్రాంతిలో మనం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 వంతులు దానికే పోతుంది. పైగా నాడీకణాల పొరల్లో తేలికగా ఆక్సీకరణ చెందే కొవ్వు ఆమ్లాలు మెండు. ఒక కొవ్వు అణువు చెడితే పక్కదాన్నీ చెడగొడుతుంది, చనిపోయిన నాడీకణం స్థానంలోకి సాధారణంగా మరొకటి రాదు. కంటి కటకం నడిభాగంలోని ప్రోటీన్లు పుట్టినప్పటి నుంచీ ఉన్నవే కాబట్టి ఏళ్ల తరబడి పేరుకున్న మార్పులతో అవి గడ్డలుకట్టి శుక్లంగా మారతాయి. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో, పెరాక్సైడ్‌ను నీరుగా మార్చే కెటలేజ్ అనే ఎంజైము చాలా తక్కువ. అధిక చక్కెరకు అవి త్వరగా నీరసించడానికి ఇదొక కారణం.

అలాగని సూపరాక్సైడ్‌ను పూర్తిగా లేకుండా చేయాలనుకోకూడదు. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం తాను మింగిన బాక్టీరియాను చంపడానికి దాన్ని కావాలనే పుట్టిస్తుంది. ఆ శక్తి లేకుండా పుట్టిన పిల్లలు తీవ్రమైన ఇన్ఫెక్షన్లతో పదే పదే బాధపడతారు.